రెక్క పట్టు తప్పితే...?

టెక్కలికి దగ్గరలో తేలినీలాపురం అనే చిన్న ఊరుంది. ఏటా వానాకాలం చివర గూడబాతులు, రంగు కొంగలు గుంపులుగా అక్కడికి వచ్చి చెట్ల మీద గూళ్ళు కడతాయి. చూడడానికి వెళ్ళినవాళ్ళు గూళ్ళనీ, గూళ్ళలోని పిల్లలనీ చూసి తిరిగొస్తారు. మీరు వెళ్ళినప్పుడు మాత్రం ఇంకొక విషయం గమనించండి. కొంగ కొమ్మ మీద వాలే క్షణాన్ని చూడండి.

దూరం నుంచి రెక్కలు చాచి నున్నగా జారుతూ వస్తుంది. కొమ్మ దగ్గర పడగానే కాళ్ళు ముందుకు చాపుతుంది. ఒంటిని నిలువుగా ఎత్తి రెక్కలను గాలికి అడ్డంగా తిప్పుతుంది. రెక్క మీది ఈకలు రేగుతాయి. వేగం చచ్చిపోతుంది. అప్పుడు తూగి కొమ్మ మీద నిలబడుతుంది. ఆ చివరి క్షణంలో దాని రెక్క గాలి మీద పట్టు వదిలేసిందన్నమాట! కొమ్మకు జానెడు ఎత్తులో పట్టు వదిలితే దాన్ని వాలడం అంటాం. అదే పట్టు వంద మీటర్ల ఎత్తులో తప్పితే, అది పడిపోవడమే.

ఈ సంగతి మీకెందుకు చెబుతున్నానంటే దానికొక కారణం ఉంది. నిరుడు వేసవిలో మా మూలపేట కుర్రాడొకడు, పదో తరగతి చదివేవాడు, ఒక నోటుపుస్తకం పట్టుకొని మా ఇంటికి వచ్చాడు. అందులో విమానం బొమ్మ వేసి ఉంది. వెదురు చట్రం, టార్పాలిన్ రెక్కలు, పాత మోటారుసైకిల్ ఇంజను. కొలతలు కూడా శ్రద్ధగా వేశాడు.

"పోటు తీసినప్పుడు మన ఒడ్డున ఇసక సిమెంటు రోడ్డులాగుంటాది మాస్టారూ. పొద్దుటిపూట గాలీ తక్కువే. నా బరువు 48 కిలోలు. తాటిచెట్టంత ఎత్తు లేస్తే చాలు, ఎంటనే దిగిపోతాను" అన్నాడు.

"ఇంజను సంగతి అలా ఉంచు. తాటిచెట్టంత ఎత్తులో రెక్క పట్టు తప్పితే ఏం చేస్తావు?" అని అడిగాను.

"పట్టు తప్పడమంటే ఏటి మాస్టారూ?" అన్నాడు.

ఈ వ్యాసం వాడికి నేను చెప్పిన జవాబే. సొంతంగా విమానం కట్టుకోవాలని కలగనేవాళ్ళు మీలోనూ ఉండవచ్చు. కల మంచిదే. అయితే రెంచీ పట్టుకునే ముందు ఈ జవాబు తెలిసి ఉండాలి.

రెక్క గాలిని పట్టుకోవడం ఎలా?

ముందుకు పరుగెత్తే రెక్క తన మీదుగా పోయే గాలిని కొంచెం కిందికి వంచుతుంది. రెక్క గాలిని కిందికి నెడితే గాలి రెక్కను పైకి నెడుతుంది. ఇది న్యూటన్ మూడవ నియమమే. ఈ పైకెత్తే బలాన్ని లిఫ్ట్ అంటారు. రెక్క గాలికి ఎదురుగా ఎంత కోణంలో నిలుస్తుందో దాన్ని మనం తాకుడు కోణం అందాం. ఈ కోణం పెరిగేకొద్దీ లిఫ్ట్ కూడా పెరుగుతుంది. కాని ఎంతవరకు?

మీరే పరీక్షించి చూడండి. ఒక పోస్టుకార్డును పొడవు వెంట కొంచెం వంపు తిప్పండి. వంపు పైవైపున అంగుళం పొడవున్న సన్నని నూలు పోగులు అయిదారు అంటించండి. పోగుకు ఒక కొసే అంటాలి, రెండో కొస వదులుగా ఉండాలి. టేబుల్ ఫ్యాను ముందు కార్డును గాలికి సమాంతరంగా పట్టుకోండి. పోగులు కార్డుకు అంటుకొని బుద్ధిగా వెనక్కి పడుకుంటాయి. ఇప్పుడు కార్డు ముందంచును మెల్లమెల్లగా పైకెత్తండి. చేతికి పైకి లేపుతున్నట్టు తెలుస్తుంది. కోణమానినితో చూస్తే సుమారు 12 నుంచి 15 డిగ్రీల దగ్గర ఒక విచిత్రం జరుగుతుంది. పోగులు ఒక్కసారిగా రేగి, గిలగిల కొట్టుకొని, కొన్ని ముందుకు కూడా తిరుగుతాయి. గాలి ఇక రెక్క వంపును అనుసరించి జారలేక విడిపోయి సుళ్ళు తిరుగుతోందన్నమాట. ఆ తరువాత కార్డు పైకి లేవడం తగ్గి వెనక్కి తోయడం ఎక్కువవుతుంది.

దీన్నే స్టాల్ అంటారు. కొంగ ఈకలు రేగడానికీ, మీ పోగులు రేగడానికీ కారణం ఒక్కటే.

ఇక్కడ రెండు పొరపాటు అభిప్రాయాలు తొలగించుకోవాలి. మోటారు బండి ఇంజను ఆగిపోవడాన్నీ స్టాల్ అంటారు గనుక విమానం స్టాల్ అయిందంటే ఇంజను ఆగిందని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. ఇంజను హోరుమని తిరుగుతుండగానే రెక్క పట్టు తప్పవచ్చు. రెండవది, నెమ్మదిగా పోతేనే స్టాల్ అవుతుందనుకోవడం. అసలు కారణం వేగం కాదు, కోణం. వేగం తగ్గితే విమానం బరువు మోయడానికి రెక్క ఎక్కువ కోణంలో నిలవాలి. అలా నిలిచి నిలిచి హద్దు దాటుతుంది. ఎక్కువ వేగంలో ఉన్నా సరే, పైలట్ స్టిక్కును గట్టిగా వెనక్కి లాగితే అదే హద్దు దాటవచ్చు.

కొంగల దగ్గర చదువుకున్నవాడు

విమానాలు పుట్టకముందే ఈ పాఠం ఒక ప్రాణాన్ని తీసుకుంది. జర్మనీ ఇంజనీరు ఓటో లిలియెంథాల్ కొంగలు ఎగిరే తీరును ఏళ్ళ తరబడి గమనించాడు. పక్షుల ఎగురుడు గురించి 1889లో పుస్తకం రాశాడు. తరువాత విల్లో కర్రలు, నూలుబట్టతో తానే గ్లైడర్లు కట్టి గుట్టల మీంచి రెండు వేలకు పైగా సార్లు గాలిలో జారాడు. ఇంజను లేదు, తోకను కదిపే స్టిక్కు లేదు. గ్లైడరుకు వేలాడుతూ కాళ్ళూ నడుమూ అటూ ఇటూ ఊపి బరువు మార్చడమే అతని సుక్కాను. 1896 ఆగస్టు 9న గ్లైడరు ముక్కు పైకి లేచింది. లిలియెంథాల్ బరువు ముందుకు వేసినా అది దిగలేదు. రెక్క పట్టు తప్పింది. సుమారు 15 మీటర్ల ఎత్తు నుంచి పడి, మరునాడు కన్నుమూశాడు.

అమెరికాలో సైకిళ్ళ దుకాణం నడిపే రైట్ సోదరులు ఆ వార్త చదివారు. ఎగరడం కన్నా ముందు అదుపు నేర్చుకోవాలని వాళ్ళు గ్రహించారు. అందుకే తమ గ్లైడర్లనూ విమానాన్నీ ముక్కు ముందు ఒక చిన్న రెక్క ఉండేలా కట్టారు. 1903లో వాళ్ళు ఎగిరారంటే ఇంజను ఒక్కటే కారణం కాదని గుర్తుంచుకోండి.

బొంగరంలా తిరగడం

రెండు రెక్కలూ ఒక్కసారే పట్టు తప్పితే విమానం ముక్కు వంచి కిందికి జారుతుంది. వేగం పుంజుకోగానే, స్టిక్కును ముందుకు వదిలితే, తిరిగి ఎగురుతుంది. చిక్కంతా ఒక రెక్క ముందుగా తప్పినప్పుడే.

ఎడమ రెక్క ముందు తప్పిందనుకోండి. అది కిందికి దిగుతుంది. దిగే రెక్కకు గాలి కిందినుంచి తగులుతుంది గనుక దాని తాకుడు కోణం ఇంకా పెరుగుతుంది, పట్టు ఇంకా తప్పుతుంది. పైకి లేచే కుడి రెక్కకు కోణం తగ్గుతుంది, దానికి లిఫ్ట్ మిగిలే ఉంటుంది. అంటే దిగేది ఇంకా దిగుతుంది, లేచేది ఇంకా లేస్తుంది. పైగా ఎడమ రెక్కను గాలి వెనక్కి ఎక్కువగా లాగుతుంది గనుక ముక్కు కూడా ఎడమకే తిరుగుతుంది. ఇలా తనను తానే తిప్పుకుంటూ విమానం బొంగరంలా కిందికి దిగుతుంది. ఇదే స్పిన్.

ఇందులో ఘోరమేమిటంటే, మనిషి సహజంగా చేసే పనులన్నీ ఇక్కడ తప్పే. నేల మీదికి వస్తుంటే స్టిక్కును వెనక్కి లాగాలనిపిస్తుంది. లాగితే కోణం పెరిగి స్టాల్ గట్టిపడుతుంది. ఎడమ రెక్క దిగుతుంటే స్టిక్కును కుడికి తిప్పాలనిపిస్తుంది. తిప్పితే ఎడమ రెక్క చివరనున్న ఎయిలెరాన్ అనే పలక కిందికి వాలి ఆ రెక్క కోణాన్ని ఇంకా పెంచుతుంది.

1912 ఆగస్టు 25న ఇంగ్లండులో విల్‌ఫ్రెడ్ పార్క్ అనే నౌకాదళ అధికారి ఇలాగే స్పిన్‌లో చిక్కుకొని, స్టిక్కు లాగి ఫలితం లేక, చివరి ప్రయత్నంగా చుక్కానిని తిరిగేదానికి ఎదురు దిక్కుకు తన్నాడు. నేల ఇంకొన్ని మీటర్లే ఉందనగా విమానం తిరగడం ఆపి నిలదొక్కుకుంది. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో ఇంగ్లండులోని ఫార్న్‌బరోలో శాస్త్రజ్ఞులు దీన్ని కొలతలతో పరీక్షించారు. నేటి పైలట్లు నేర్చుకునే సూత్రం అక్కడిదే. ఇంజను తగ్గించు, ఎయిలెరాన్లను మధ్యలో ఉంచు, చుక్కానిని ఎదురు దిక్కుకు పూర్తిగా తొక్కు, స్టిక్కును ముందుకు తొయ్యి. తిరగడం ఆగాక చుక్కానిని మధ్యకు తెచ్చి మెల్లగా పైకి లేపు.

సూత్రం తెలిస్తే చాలదు, ఎత్తు ఉండాలి. ఒక చుట్టు తిరిగి కోలుకునే లోపల శిక్షణకు వాడే తేలిక విమానం కూడా సుమారు 300 మీటర్లు దిగిపోవచ్చు. మరి దిగబోయే విమానం చివరి మలుపు తిరిగేది ఎంత ఎత్తులో? 100 నుంచి 150 మీటర్లలో!

ప్రాణాంతకమైన మలుపు

మలుపులో విమానం పక్కకు వాలుతుంది. అప్పుడు రెక్క బరువును మోయడమే కాక, మలుపుకు కావలసిన అభికేంద్ర బలాన్ని కూడా ఇవ్వాలి. 60 డిగ్రీలు వాలితే రెక్క మోసేది విమానం బరువుకు రెట్టింపు. లిఫ్ట్ వేగం వర్గాన్నిబట్టి పెరుగుతుంది. కాబట్టి రెట్టింపు మోయాలంటే వేగం 2 వర్గమూలం రెట్లు, అంటే 1.41 రెట్లు కావాలి.

తిన్నగా పోయేటప్పుడు గంటకు 80 కి.మీ. దగ్గర స్టాల్ అయ్యే విమానం తీసుకోండి. ఎత్తు తగ్గకుండా 30 డిగ్రీలు వాలి తిరిగితే అది 86 కి.మీ. దగ్గరే స్టాల్ అవుతుంది. 45 డిగ్రీలకు 95, 60 డిగ్రీలకు 113. పైలట్ 100 కి.మీ. వేగంతో వస్తూ, ఇంకా 20 కి.మీ. చేతిలో ఉందనుకుంటాడు. వెనుక గాలికి రన్‌వే గీత దాటిపోతాడు. సర్దుకోవాలని మలుపును బిగిస్తాడు. నేల దగ్గర ఎక్కువ వాలడానికి భయపడి చుక్కానితో ముక్కును లోపలికి నెడతాడు. ముక్కు వంగుతుంటే స్టిక్కు లాగుతాడు. లోపలివైపు రెక్క నెమ్మదై, కోణం మించి, ముందుగా పట్టు తప్పుతుంది. ఆ తరువాత స్పిన్. కోలుకోవడానికి ఎత్తు ఉండదు.

ఇలాంటిదే ఇంకొకటుంది. లేచిన కొద్దిసేపటికే ఇంజను ఆగితే వెనక్కి తిరిగి రన్‌వే మీదే దిగాలనిపిస్తుంది. తక్కువ ఎత్తులో, తక్కువ వేగంలో, బిగించిన మలుపు! ముక్కు దించి, ఎదురుగా ఉన్న పొలంలోనో ఇసకలోనో దిగినవాడు దెబ్బలతో బయటపడవచ్చు. వెనక్కి తిరిగినవాడికి చాలాసార్లు ఆ అవకాశం ఉండదు.

ఇంట్లో కట్టిన విమానాలకే ఎందుకెక్కువ?

అమెరికాలో 1953లో పాల్ పొబెరెజ్నీ అనే ఆయన సొంతంగా విమానాలు కట్టుకునేవారికి ఒక సంఘం స్థాపించాడు. ఈనాడు అక్కడ వేల కొద్దీ విమానాలు ఇళ్ళ వెనక షెడ్లలో కట్టినవే. మన దేశంలో ఇవి అరుదు. ముంబయిలో అమోల్ యాదవ్ అనే పైలట్ తన ఇంటి డాబా మీదే విమానం కట్టి 2016లో ప్రదర్శనకు పెట్టాడు.

అమెరికా జాతీయ రవాణా భద్రతా సంస్థ 2012లో ఈ విమానాలను గురించి ఒక అధ్యయనం ప్రకటించింది. 2011లో అక్కడి సాధారణ విమానాల్లో వీటి వంతు నూటికి సుమారు 10. ప్రాణాలు పోయిన ప్రమాదాల్లో మాత్రం నూటికి 21! ఇంజను చెడడం, గాలిలో అదుపు తప్పడం ముఖ్య కారణాలుగా తేలాయి. కట్టినవాడో కొన్నవాడో మొదటిసారి ఎగిరే రోజుల్లోనే ఎన్నో ప్రమాదాలు జరిగాయి.

దీనికి కారణాలు అర్థం చేసుకోలేనివేమీ కావు. మొదటిది రెక్కల తేడా. మంచి విమానపు రెక్కను కొన వైపు కొంచెం కిందికి మెలితిప్పి కడతారు. అందువల్ల మొదలు ముందు పట్టు తప్పి, కొన చివరిదాకా పట్టు నిలుపుకుంటుంది. విమానం వణికి పైలట్‌ను హెచ్చరిస్తుంది. ఇంట్లో కట్టేటప్పుడు కుడి రెక్క మెలికలో ఒక్క డిగ్రీ తేడా వచ్చినా ఒక రెక్క ముందుగా పడిపోతుంది. రెండవది పైలట్. అయిదారేళ్ళు కూర్చుని విమానం కట్టినవాడు ఆ అయిదారేళ్ళూ ఎగరడం మానేసి ఉంటాడు. చేయి మొద్దుబారుతుంది.

మూడవది గరిమనాభి. ఇది మీ లెక్కలకు అందేదే. ఒక ఊహా విమానం బరువు 250 కిలోలు, దాని గరిమనాభి ముక్కు నుంచి 2.00 మీటర్లు. పైలట్ 60 కిలోలు, 2.10 మీటర్ల దగ్గర కూర్చున్నాడు. వెనక 3.00 మీటర్ల దగ్గర 20 కిలోల సామాను. భ్రామకాలన్నీ కూడితే 500 + 126 + 60 = 686. మొత్తం బరువు 330తో భాగిస్తే 2.08 మీటర్లు. హద్దు 2.10 అయితే సరిపోయింది. ఇప్పుడు సామాను ఇంకొక 10 కిలోలు పెంచండి. 716ను 340తో భాగిస్తే 2.11. హద్దు దాటింది! గరిమనాభి వెనక్కి జరిగితే ముక్కు ఇట్టే పైకి లేస్తుంది, స్పిన్‌లో మాత్రం కిందికి దిగనంటుంది. చుక్కాని, స్టిక్కు రెండూ బలం చాలక ఊరుకుంటాయి. పది కిలోల సంచీ చేసే పని ఇది.

ఉపాయాలు, ఉపాయంలో అపాయాలు

స్టాల్ కాని విమానం కడితే పోలేదా అని మీకు తోచవచ్చు. ఫ్రాన్సులో ఆన్రీ మిన్యే కూడా అదే అనుకున్నాడు. ఒకదాని వెనక ఒకటి రెండు రెక్కలతో, ఎయిలెరాన్లు లేకుండా, ఎవరైనా కట్టుకోగల బుల్లి విమానం ఒకటి రూపొందించి 1934లో పుస్తకం వేశాడు. యూరప్‌లో ఎందరో దాన్ని చూసి విమానాలు కట్టారు. తరువాత వరుసగా మరణాలు. 1936లో ఫ్రాన్సు, ఇంగ్లండు గాలి సొరంగాల్లో పరీక్షిస్తే తెలిసిందేమిటి? గరిమనాభి వెనక్కి ఉండి ముక్కు కొంతకు మించి వంగితే, ముందు రెక్క గాలి వెనక రెక్కకు తగిలి ముక్కును ఇంకా కిందికి నెడుతోంది. స్టిక్కు లాగినా లేవదు. ఒక గోతిని తప్పించబోయి ఇంకొక గోతిలో పడ్డట్టయింది.

సరైన ఉపాయాలూ వచ్చాయి. అమెరికాలో ఫ్రెడ్ వైక్ రూపొందించిన ఎర్‌కూప్ 1940లో అనుమతి పొందింది. అందులో స్టిక్కు ఎంత లాగినా తోక పలక కొంతకు మించి కదలదు గనుక స్పిన్‌లోకి పోదు. 1970లలో బర్ట్ రూటన్ ఇంట్లో కట్టుకునేవారి కోసం ముక్కు దగ్గర చిన్న రెక్క ఉన్న విమానాలు రూపొందించాడు. ముందు రెక్క ముందుగా పట్టు తప్పి ముక్కు దానంతటదే దిగుతుంది, పెద్ద రెక్క పట్టు నిలుస్తుంది. ఆ నమూనా ఆధారంగానే బెంగుళూరులోని జాతీయ వైమానిక ప్రయోగశాల 1987లో ఒక పరిశోధన విమానాన్ని ఎగరేసింది. మన శిక్షణ విమానం హన్సా 1993లో ఎగిరింది కూడా ఆ ప్రయోగశాల నుంచే.

పెద్ద సంస్థలకు కూడా ఇది సులభం కాదు. హిందుస్థాన్ ఏరోనాటిక్స్ వారి హెచ్.జె.టి.-36 శిక్షణ జెట్ 2003లోనే ఎగిరింది. స్టాల్, స్పిన్ లక్షణాలు కుదరక ఏళ్ళ తరబడి ఆగిపోయింది. తోక భాగంలో మార్పులు చేసి 2019లో మళ్ళీ ఎగరేశారు. 2022 జనవరిలో ఎడమకు ఆరు చుట్లు, కుడికి ఆరు చుట్లు తిరిగి కోలుకోగలదని నిరూపించారు. ఆ పరీక్షలకు విమానం తోకకు ప్రత్యేకమైన పారాచూటు కూడా కట్టారు. వందలమంది ఇంజనీర్లు, గాలి సొరంగాలు, కంప్యూటర్లు ఉండి పడిన శ్రమ ఇది.

కుర్రాడు వేసిన లెక్క

ఇదంతా విన్నాక మావాడు నోటుపుస్తకం మూయలేదు. "తాటిచెట్టంత ఎత్తంటే 20 మీటర్లనుకుందాం మాస్టారూ" అన్నాడు. తొమ్మిదో తరగతి సూత్రమే వాడు. 20 మీటర్లు పడడానికి ఎంతసేపు? సుమారు 2 సెకన్లు. నేలను తాకే వేగం? సెకనుకు 20 మీటర్లు, అంటే గంటకు 70 కి.మీ. పైమాటే. "రెండు సెకన్లలో స్పిన్ ఎక్కడ ఆపగలను?" అని తనే అడిగాడు. కాసేపాగి, "తాటిచెట్టంత ఎత్తయితే ఫరవాలేదనుకున్నాను. అదే అన్నిటికన్నా పాడు ఎత్తు" అన్నాడు. నేను చెప్పాలనుకున్నది వాడే చెప్పాడు.

వాడు విమానం మానలేదు, మొదలుపెట్టే చోటు మార్చాడు. ఇప్పుడు మీటరు వెడల్పు రెక్కల గ్లైడర్లు కడుతున్నాడు. సాయంత్రం ఒడ్డున ఎగరేసి, గరిమనాభి ఎక్కడుంటే ఎలా ఎగిరిందో రాసుకుంటున్నాడు. పదిహేను పడ్డాయి. పడినప్పుడల్లా ఒక పేజీ నిండింది, ఎవరి కాలూ విరగలేదు.

మీరూ మొదలుపెట్టండి. మందపాటి కాగితంతో గ్లైడరు మడిచి ముక్కుకు ఒక కాగితం క్లిప్పు తగిలించండి. నున్నగా జారుతుంది. క్లిప్పు తీసేయండి. ముక్కెత్తి, ఆగి, జారి, మళ్ళీ ముక్కెత్తుతుంది. అదే స్టాల్. క్లిప్పును తోకకు తగిలించండి. అప్పుడేమవుతుందో నేను చెప్పను, మీరే చూడండి. తరువాత పైన ఇచ్చిన విమానంలో 30 కిలోల సామాను ఉంచి, గరిమనాభి 2.10 దాటకుండా ఉండాలంటే ఆ సామానును ముక్కు నుంచి ఎంత దూరంలో పెట్టాలో లెక్కవేయండి. జవాబు 3 మీటర్లకు కొంచెం తక్కువే వస్తుంది. ఎంత తక్కువో వేసి చూస్తే, విమానంలో కొన్ని సెంటీమీటర్ల విలువేమిటో తెలుస్తుంది.